ఇప్పనూనె యాసిడ్ విలువ 28: సబ్బుకి కాస్టిక్ ఎంత వెయ్యాలి? గడ్డకట్టిందంటే కల్తీ ఉన్నట్టేనా?

సబ్బుల బట్టీ, శ్రీకాకుళం

గానుగ దగ్గరే కొన్న ఇప్పనూనె, 15 కిలోల డబ్బాలు రెండు. ముదురు పసుపు రంగు, ఘాటు వాసన. పరీక్షలు చేస్తే వచ్చిన లెక్కలివి.

యాసిడ్ పరీక్ష: 5 గ్రాముల నూనెకి 0.1 నార్మల్ కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) ద్రావణం 24.8 మి.లీ. పట్టింది. అంటే ఎఫ్‌ఎఫ్‌ఏ (నూనెలో విడిగా ఉన్న కొవ్వు ఆమ్లం) దాదాపు 14 శాతం, యాసిడ్ విలువ 28.
సపోనిఫికేషన్ విలువ (గ్రాము నూనెని పూర్తిగా సబ్బు చెయ్యడానికి పట్టే పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే కేఓహెచ్, మిల్లీగ్రాముల్లో): 191.
అయోడిన్ విలువ (నూనెలో అసంతృప్త కొవ్వు ఎంతుందో చెప్పే అంకె, బయట ల్యాబ్‌లో చేయించింది): 63.

10 కిలోల నూనెకి సపోనిఫికేషన్ లెక్కన 1,362 గ్రాముల కాస్టిక్, ఎఫ్‌ఎఫ్‌ఏ కోసం విడిగా ఇంకో 200 గ్రాములు, మొత్తం 1,562 గ్రాములు 3 లీటర్ల నీళ్లలో కరిగించి పోశాను. నూనె, సోడా నీళ్లు రెండూ 45 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మూడు నిమిషాలు తిరక్కముందే ఉప్మాలా ఉండలు కట్టేసింది. తొమ్మిది రోజుల తర్వాత చూస్తే ముక్కల మీద తెల్లటి పొడి, కోస్తే సుద్దలా విరుగుతోంది, నాలుక కొసకి తగిలిస్తే చురుక్కుమంటోంది.

నా ప్రశ్నలు:
1. కాస్టిక్ లెక్కలో తప్పెక్కడ?
2. సంక్రాంతి చలికి డబ్బాలో సగం పైగా గడ్డకట్టింది. "అసలైన ఇప్పనూనె గడ్డకట్టదు, ఇందులో పామాయిల్ కలిసింది" అని బజార్లో ఒకరన్నారు. నిజమేనా?
3. ఎఫ్‌ఎఫ్‌ఏ ఇంత ఎందుకుంది? ఇక ముందు రాకుండా ఏం చెయ్యాలి?
4. మిగిలిన నూనె దీపాలకి పనికొస్తుందా?

టైట్రేషన్ మాస్టారు, విజయనగరం

మొదటి ప్రశ్న దగ్గరే అందరూ జారుతుంటారు. సపోనిఫికేషన్ విలువలో ఎఫ్‌ఎఫ్‌ఏ ఖర్చు ముందే కలిసి ఉంటుందండీ. ఆల్కహాలిక్ కేఓహెచ్‌లో గంటసేపు మరగబెట్టినప్పుడు విడిగా ఉన్న ఆమ్లాలూ, గ్లిజరిన్‌తో ముడిపడి ఉన్న ఆమ్లాలూ రెండూ ఆ కేఓహెచ్‌నే తాగుతాయి. మీ 191ని విడదీస్తే 28 యాసిడ్ విలువ, మిగిలిన 163 ఎస్టర్ విలువ. ఆ 28కి మళ్లీ 200 గ్రాములు వేశారంటే ఒకే బాకీ రెండుసార్లు కట్టినట్టు.

సరైన లెక్క ఇది. 191ని 1.4025తో (కేఓహెచ్ లెక్కని సోడియం హైడ్రాక్సైడ్ లెక్కకి మార్చే అంకె) భాగిస్తే కిలో నూనెకి 136.2 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్. 10 కిలోలకి 1,362. దీన్నుంచి 5 శాతం తగ్గించి 1,294 గ్రాములు వెయ్యండి, ఆ మేరకు నూనె సబ్బులో మిగిలిపోయి చర్మానికి మెత్తగా ఉంటుంది. మీరు వేసింది దీనికంటే 268 గ్రాములు ఎక్కువ. మొత్తం నూనె సబ్బుగా మారిపోయినా 200 గ్రాముల కాస్టిక్ చేతిలో మిగిలింది. పద్నాలుగున్నర కిలోల ముద్దలో అది దాదాపు 1.4 శాతం. నాలుక చురుక్కుమనకేం చేస్తుంది? పైన కనిపిస్తున్న తెల్ల పొడి ఆ మిగులు కాస్టిక్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బొనేట్ అయింది.

ఉండలు కట్టడానికి కారణం వేరు. కొవ్వు విడిపోయి సబ్బు అవ్వడానికి టైం పడుతుంది, విడి ఆమ్లానికి ఆ ఓపిక లేదు. సోడా తగిలిన క్షణానే సబ్బు అయిపోతుంది. 14 శాతం ఎఫ్‌ఎఫ్‌ఏ ఉన్న నూనెలో సోడా నీళ్లు ఒక్కసారి పోస్తే, పడిన చోటల్లా సబ్బు గడ్డలు కట్టి వాటి లోపల నూనె ఇరుక్కుంటుంది. ఇలాంటి నూనెకి చల్ల పద్ధతి పెట్టుకోవద్దు. నూనెని 75–80 డిగ్రీలకి తెచ్చి, సోడా నీళ్లని నాలుగు వాయిలుగా పోస్తూ, ప్రతి వాయికీ ముద్ద మళ్లీ జారుగా అయ్యేదాకా కలపండి. స్టీలు గిన్నె కావాలి, అల్యూమినియం వద్దు, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది.

గడ్డకట్టడం గురించి: బజార్లో చెప్పినాయనకి ఇప్పనూనె తెలియదు. ఇప్ప మన సపోటా కుటుంబంలోని చెట్టు. దాని గింజ నూనెలో పామిటిక్ ఆమ్లం 20–25 శాతం, స్టియరిక్ ఇంకో 20–25 శాతం ఉంటాయి. అంటే దగ్గర దగ్గర సగం గట్టి కొవ్వు. మిగతా దానిలో ఓలియిక్ 40 శాతం అటూ ఇటూ, లినోలియిక్ 14 శాతం దాకా. 23 నుంచి 31 డిగ్రీల మధ్య అది మెత్తబడుతూ కరుగుతుంది. సంక్రాంతి చలికి గడ్డకట్టకపోతేనే అనుమానించాలి.

అయోడిన్ విలువని ఈ వాటాల నుంచే సరిచూసుకోవచ్చు. ఓలియిక్ ఒక్కో శాతానికి సుమారు 0.86, లినోలియిక్ ఒక్కో శాతానికి 1.73 పాయింట్లు వస్తాయి. 42 శాతం ఓలియిక్, 14 శాతం లినోలియిక్ అనుకుంటే 36.1 + 24.2 = 60.3. పుస్తకాల్లో ఇప్పనూనెకి ఇచ్చే పరిధి 58–70, సపోనిఫికేషన్‌కి 187–196. మీ రెండు అంకెలూ పరిధిలోనే ఉన్నాయి.

అలాగని పామాయిల్ లేదని చెప్పలేం. పామాయిల్ అయోడిన్ విలువ 50–55. మీ నూనెలో ఐదో వంతు పామాయిల్ కలిపినా 63 కాస్తా 61 అవుతుంది, అంతే. ఈ కల్తీని అయోడిన్ విలువతో పట్టుకోలేం. గ్యాస్ క్రొమటోగ్రఫీలో (ఏ కొవ్వు ఆమ్లం ఎంతుందో విడదీసి చూపే ల్యాబ్ పరీక్ష) స్టియరిక్ చూడాలి. ఇప్పలో పామిటిక్, స్టియరిక్ ఇంచుమించు సమానం. పామాయిల్‌లో పామిటిక్ 44 శాతం దాకా ఉంటే స్టియరిక్ నాలుగైదు శాతమే. రెండూ 22 చొప్పున ఉన్న ఇప్పనూనెలో 20 శాతం పామాయిల్ కలిస్తే పామిటిక్ 26 దాటుతుంది, స్టియరిక్ 18–19కి పడిపోతుంది. రిపోర్టులో ఆ తేడా దాగదు.

కల్తీ వేరే నూనెలతో అయితే చవక పరీక్షలు చాలు. వేరుశనగ, తవుడు నూనెలు కలిపితే అయోడిన్ విలువ పైకి పోతుంది. కొబ్బరినూనె కలిపితే సపోనిఫికేషన్ 200 వైపు ఎగబాకుతుంది. మినరల్ ఆయిల్ (పెట్రోలియం నూనె) అయితే సపోనిఫికేషన్ పడిపోతుంది. అనుమానంగా ఉంటే కొంచెం నూనెని ఆల్కహాలిక్ కేఓహెచ్‌తో పూర్తిగా ఉడికించి వేడినీళ్లు పోయండి, సబ్బు కరిగి తేటగా ఉండాలి, పాలలా తెల్లబడితే మినరల్ ఆయిల్.

ఇంతకీ ఒక మాట చెప్పండి. శాంపిల్ తీసేటప్పుడు డబ్బా మొత్తం కరిగించి తీశారా, పైన తేరిన తేట తీశారా?

సబ్బుల బట్టీ, శ్రీకాకుళం

పైన తేటేనండి. అడుగున గడ్డ ఉంది, గరిటె దిగలేదు.

టైట్రేషన్ మాస్టారు, విజయనగరం

అయితే మీరు పరీక్ష చేసింది డబ్బాలో ఉన్న నూనె కాదు. చలికి స్టియరిక్, పామిటిక్ ఎక్కువున్న కొవ్వులు ముందుగా పేరుకుని కిందికి దిగిపోతాయి. పైన ఓలియిక్, లినోలియిక్ ఎక్కువున్న పలచటి భాగం తేలుతుంది. దానికి అయోడిన్ విలువ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. డబ్బాని వేడినీళ్ల తొట్టిలో పెట్టి 50 డిగ్రీలకి మొత్తం కరిగించి, అడుగు నుంచి కలియతిప్పి, అప్పుడు శాంపిల్ తియ్యండి.

యాసిడ్ పరీక్షలో ఇంకో రెండు తప్పులు జరుగుతుంటాయి. ఆల్కహాల్‌ని ముందుగా న్యూట్రల్ చెయ్యకపోతే దాని పులుపు కూడా నూనె ఖాతాలో పడుతుంది. ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగు చూపే సూచిక) రెండు చుక్కలు వేసి, కాస్టిక్ చుక్క చుక్కగా పోసి, లేత గులాబీ రంగు వచ్చాకే నూనె కలపాలి. రెండోది, మీది ముదురు నూనె. 5 గ్రాములు తీసుకుంటే ఆ పసుపులో గులాబీ కనపడదు, కనపడేదాకా పోస్తూ పోతాం, అంకె పెరిగిపోతుంది. 2 గ్రాములు తీసుకుని 50 మి.లీ. వేడి ఆల్కహాల్‌లో చెయ్యండి. థైమాల్ఫ్తలీన్ దొరికితే ఇంకా మేలు, నీలం రంగు పసుపు మీద ఇట్టే తెలుస్తుంది. రంగు అర నిమిషం నిలిచిందంటే ఆపెయ్యాలి. లెక్క మీకు తెలిసిందే: 28.2 × మిల్లీలీటర్లు × నార్మాలిటీ ÷ నూనె గ్రాములు.

గానుగెద్దు, శృంగవరపుకోట

మూడో ప్రశ్నకి నేను చెప్తాను. గానుగోడి దగ్గర తప్పు తక్కువ, తప్పంతా పప్పుదే.

ఇప్పపువ్వు ఏరడం మార్చి, ఏప్రిల్‌లో ఎండల్లో అయిపోతుంది, దానికి బాధ లేదు. కాయ రాలేది మాత్రం జూన్ నుంచి, సరిగ్గా వానలు దిగేటప్పుడు. పండు లోపల ఒకటి నుంచి నాలుగు గింజలుంటాయి. గింజ పగిలిందంటే లోపలి లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వు మీద పడుతుంది. దానికి కావాల్సింది తడి ఒక్కటే. కొవ్వుని నరికి విడి ఆమ్లంగా చేసేస్తుంది. తడి పప్పుని గోనెలో కుక్కి వారం పక్కన పెడితే లోపల వేడెక్కి బూజు కూడా తోడవుతుంది. మీ 14 శాతం అక్కడే పుట్టింది. ఆరిన మంచి పప్పు తాజాగా ఆడిస్తే ఒకటి రెండు శాతం దాటదు.

చెయ్యాల్సింది ఏటంటే, గింజ ఏరిన రోజో మర్నాడో గుజ్జు వదిలించి, పైపెంకు తీసి, బద్దలుగా విడగొట్టాలి. నున్నటి గోధుమరంగు పెంకుతో ఉంచితే లోపల తడి వదలదు. బద్దలు ఒక పొరగా పరిచి ఆరబెట్టాలి. ముసురు పట్టినప్పుడు పొయ్యి మీద అటక ఎక్కించాలి, ఏజెన్సీ ఊళ్లలో చేసేదీ అదే. మరీ వదలని వానైతే బద్దలకి ఇడ్లీ ఆవిరిలా 15–20 నిమిషాలు ఆవిరి పట్టి ఆ తర్వాత ఆరబెట్టండి. ఎంజైమ్ ఆ వేడికి చస్తుంది, కాబట్టి ఆరడం రెండు రోజులు ఆలస్యమైనా నష్టం తక్కువ. ఆవిరి పట్టి ఆరబెట్టకుండా వదిలేస్తే మాత్రం బూజు ఇంకా తొందరగా వస్తుంది.

ఆరిందా లేదా అన్నది చేతికే తెలుస్తుంది. బద్దని రెండు వేళ్లతో వంచితే టక్కున విరగాలి, విరిగిన చోట మైనంలా మెరవాలి. వంగి సాగిందంటే ఇంకా తడి ఉంది. లోపల గోధుమరంగు గీతలు, ముక్కిన వాసన ఉన్న బద్దలు ఏరి పారెయ్యండి. గుప్పెడు పాడు బద్దలు బస్తా నూనెని పాడు చేస్తాయి. యూరియా ప్లాస్టిక్ సంచి వద్దు, గోనెసంచిలో పోసి చెక్క మీద ఉంచండి, నేల మీద వద్దు.

నూనె తీశాక కూడా పని ఉంది. గానుగ నూనెలో మడ్డి, తడి ఉంటాయి. ఆ మడ్డిలో ఎంజైమ్ బతికే ఉంటుంది, డబ్బాలో కూర్చుని నెల నెలా ఎఫ్‌ఎఫ్‌ఏ పెంచుతూ పోతుంది. నూనెని 105 డిగ్రీలకి వేడి చేసి, బుడగలు ఆగేదాకా ఉంచండి. కాల్చిన పెనం మీద ఒక చుక్క వేస్తే చిటపటలాడకూడదు. చల్లారాక రెండు రోజులు గోరువెచ్చగా నిలబెట్టి పైతేట గుడ్డలో వడపోసుకుని డబ్బా నిండా పోసి మూత బిగించండి.

పసుపు డబ్బా, బొబ్బిలి

ఇంత తంటా ఎందుకండీ, టీబీహెచ్‌క్యూ లాంటి యాంటీ ఆక్సిడెంట్ చిటికెడు వేస్తే నూనె చెడదు కదా?

టైట్రేషన్ మాస్టారు, విజయనగరం

రెండు జబ్బుల్ని ఒకటి చేస్తున్నారు. యాంటీ ఆక్సిడెంట్ ఆపేది గాలి వల్ల వచ్చే ముక్కుదనాన్ని, అది పెరాక్సైడ్ విలువలో కనిపిస్తుంది. ఇక్కడున్నది తడి, ఎంజైమ్ వల్ల వచ్చిన పులుపు. యాసిడ్ విలువ 28 ఉన్న నూనెకి పెరాక్సైడ్ విలువ మామూలుగానే ఉండొచ్చు. ఇప్పనూనెలో లినోలియిక్ తక్కువ, కాబట్టి గాలికి అది కాస్త గట్టిదే. దాని ప్రాణం తీసేది నీళ్లు. టీబీహెచ్‌క్యూకి పెట్టే డబ్బు ఆరబెట్టడానికి టార్పాలిన్ మీద పెట్టండి.

దీపాల సంగతి: వెలుగుతుంది, వత్తి పీల్చుకోవాలంటే చలికాలం గోరువెచ్చగా పొయ్యాలి. కాకపోతే 14 శాతం ఆమ్లం ఉన్న నూనె ఇత్తడి కుందెలో రోజుల తరబడి నిలవుంటే ఆకుపచ్చగా చిలుము కడుతుంది. అది రాగి, కొవ్వు ఆమ్లం కలిసిన సబ్బు. మట్టి ప్రమిదలకి బాధ లేదు. ఇదే కారణంతో తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఉంచితే నూనె ఎర్రబారుతుంది. వంటకి మాత్రం ఈ డబ్బా వాడొద్దు. ఏజెన్సీలో ఇప్పనూనె తింటారు నిజమే, కానీ తాజాగా ఆడించింది. ఇంత ఎఫ్‌ఎఫ్‌ఏ ఉంటే మూకుడు వేడెక్కకముందే పొగ వస్తుంది.

సబ్బుల బట్టీ, శ్రీకాకుళం

డబ్బా కరిగించి మళ్లీ చేశాను. 2 గ్రాములకి 9.1 మి.లీ., అంటే ఎఫ్‌ఎఫ్‌ఏ 12.8. సపోనిఫికేషన్ 191 అలాగే ఉంది. అయోడిన్ విలువ 60కి దిగింది. పాడైన పద్నాలుగు కిలోల ముద్దని ఏం చెయ్యమంటారు? పారబొయ్యడానికి మనసు రావట్లేదు.

టైట్రేషన్ మాస్టారు, విజయనగరం

పారబొయ్యక్కర్లేదు. ముద్దని తురిమి, రెండు లీటర్ల నీళ్లు పోసి సన్నసెగ మీద కరిగించండి. అదే డబ్బాలోది 2 కిలోల ఇప్పనూనె వేడి చేసి కలపండి. అప్పుడు మొత్తం 12 కిలోల నూనెకి కావాల్సిన కాస్టిక్ 1,634 గ్రాములు, మీరు వేసింది 1,562. నూటికి నాలుగున్నర వంతు నూనె మిగులుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఏ ఎక్కువుండటం ఇక్కడొక్కచోట కలిసొస్తుంది: కార్బొనేట్‌గా మారిపోయిన సోడా మామూలు కొవ్వుని సబ్బు చెయ్యలేదు గానీ విడి ఆమ్లాన్ని వేడిలో సబ్బు చేస్తుంది. గంటన్నర ఉడికాక చల్లార్చి చిటికెడు తీసి ఫినాఫ్తలీన్ చుక్క వెయ్యండి. ముదురు గులాబీ రంగు వస్తే ఇంకా ఉడకాలి.

రంగు, వాసన కూడా తగ్గాలంటే ఉప్పుతో విరగ్గొట్టే పాత పద్ధతి ఉంది. బాగా నీళ్లు పోసి ఉడికించిన ముద్దలో ఉప్పు వేస్తూ పోతే సబ్బు పెరుగు విరిగినట్టు పైకి తేలుతుంది. కింద నిలిచిన నల్లటి నీళ్లలో మిగులు కాస్టిక్, రంగు, మురికి దిగిపోతాయి. గ్లిజరిన్ కూడా వాటితోనే పోతుంది, అదొక్కటే నష్టం.

తర్వాతి వాయికి ఒట్టి ఇప్పనూనెతో వద్దు. స్టియరిక్ వల్ల సబ్బు రాయిలా గట్టిగా, ఎక్కువ రోజులు వస్తుంది కానీ నురగ పలచన. 7.5 కిలోల ఇప్పనూనెకి 2.5 కిలోల కొబ్బరినూనె కలపండి. కాస్టిక్: 7.5 × 136.2 = 1,021, కొబ్బరికి 2.5 × 183 = 457. మొత్తం 1,478లో 5 శాతం తీసేస్తే 1,404 గ్రాములు. కాస్టిక్ ఫ్లేక్స్ బస్తా ఎప్పటి నుంచో తెరిచి ఉంటే దాని బలాన్ని కూడా ఒకసారి టైట్రేట్ చేసుకోండి, తడి పీల్చి అంటుకుపోయిన ఫ్లేక్స్‌లో బరువంతా కాస్టిక్ కాదు.

చెరువుగట్టు, కవిటి

నురగ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇప్పలో కుంకుడుకాయలా నురగ వచ్చే సాపోనిన్లు ఉన్నాయి, కానీ అవి నూనెలోకి రావు, చెక్కలో (నూనె తీశాక మిగిలే పిప్పిలో) ఉండిపోతాయి. మీ నూనెని నీళ్లలో గిలక్కొడితే నురగ నిలిచిందంటే అందులో చెక్క నలుసు ఉన్నట్టే, మళ్లీ వడపొయ్యండి.

ఆ సాపోనిన్ల వల్లే ఇప్పచెక్కని పశువులకి పెట్టకూడదు. ఎరువుగా బాగుంటుంది, నత్రజని రెండున్నర శాతం దాకా ఉంటుంది. చేపల చెరువుల వాళ్లు చేపపిల్లల్ని వదిలే ముందు పనికిరాని చేపల్ని చంపడానికి వాడతారు. మోతాదు నీటిలో 200–250 పీపీఎం, అంటే హెక్టారు చెరువులో మీటరు లోతు నీటికి 2,000–2,500 కిలోలు. ఎకరానికైతే 800 నుంచి 1,000 కిలోలు. చెక్కని ముందు రోజే నీళ్లలో నానబెట్టి చెరువంతా చల్లాలి. సాపోనిన్ చేప మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి ఎర్ర కణాల్ని పగలగొడుతుంది. రొయ్యకి ఆ మోతాదు అంతగా తగలదు. రెండు మూడు వారాలు ఆగి, బుట్టలో నాలుగు పిల్లల్ని పెట్టి ఒక రోజు చూసి, బతికితేనే మిగతావి వదలాలి.

గానుగ కడిగిన నీళ్లూ, చెక్క తడిపిన నీళ్లూ గెడ్డలోకి (వాగులోకి) వదలకండి. కిందనున్న చేపలన్నీ తేలిపోతాయి.

సబ్బుల బట్టీ, శ్రీకాకుళం

ఇప్పచెక్క గానుగ దగ్గరే ఉంటుంది, రేపు వెళ్లి తెచ్చుకుంటాను. ముద్దలో 2 కిలోల నూనె కలిపి ఉడికించాను మాస్టారూ. గంటన్నరకి ఫినాఫ్తలీన్ ఇంకా లేత గులాబీ చూపిస్తోంది.

టైట్రేషన్ మాస్టారు, విజయనగరం

లేత గులాబీ అయితే దించెయ్యండి. సబ్బు తనంతట తానే కొంచెం క్షారం, ఆ మాత్రం రంగు ఉంటుంది. అచ్చుల్లో పోసి నాలుగు వారాలు ఆరనివ్వండి, కొయ్యడం మాత్రం మర్నాడే కానిచ్చెయ్యండి. ఇప్పసబ్బు ఆరితే కత్తి దిగదు.